చేత్తో గీసిన గండికోట పటంపై జీపీఎస్ గీత సరిగా కూర్చోవడం లేదు

జమ్మలమడుగు నుంచి గండికోటకు వెళ్లే సైకిల్ దారినీ, కోట లోపల జామా మసీదు, ధాన్యాగారం, రంగనాథస్వామి ఆలయం మీదుగా పెన్నా లోయ అంచు దాకా సాగే నడకదారినీ నీటిరంగులతో ఒకే కాగితంపై గీసి, ఫోనులో చూసుకునే పటంగా మారుస్తున్నాను. బొమ్మను 300 డీపీఐలో స్కాన్ చేసి, క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లోని జియోరిఫరెన్సర్‌లో, బొమ్మలోని చోట్లను నేలమీది అసలు స్థానాలతో ముడిపెట్టే 14 బిందువులు గుర్తించి, బ్రౌజరులో పటాలు చూపే లీఫ్‌లెట్‌లో చూపిస్తున్నాను.

ధాన్యాగారం వరకు, నడుస్తూ జీపీఎస్‌తో నమోదు చేసిన దారి (జీపీఎక్స్) గీత చక్కగా సరిపోతోంది. లోయ దగ్గరికి వచ్చేసరికి సుమారు 40 మీటర్లు ఉత్తరానికి జరిగి, నేను పెన్నాకు వేసిన నీలిరంగు మీదికి పోతోంది. కంచె లేని ఆ అంచున గీతను నమ్మి నడిచేవారు ఉంటారు కనుక దీన్ని ఇలాగే వదిలేయలేను.

బొమ్మ మొత్తాన్ని ఒకే సూత్రంతో కొద్దిగా వంచే రెండవ శ్రేణి పాలినామియల్‌తో తేడా 25 మీటర్లకు తగ్గింది. ప్రతి బిందువూ కచ్చితంగా తన చోట కూర్చునేలా బొమ్మను సాగదీసే థిన్ ప్లేట్ స్ప్లైన్‌తో గీత కుదిరింది కానీ మసీదు మినార్లు పక్కకు వంగి, పేర్ల అక్షరాలు సాగిపోయాయి. బిందువులను 22కు పెంచితే ఆ వంపు మరీ ఎక్కువైంది. ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా చూపే పద్ధతి) బొమ్మకూ గీతకూ వెబ్ పటాల్లో వాడే ఈపీఎస్‌జీ 3857 అని సరిచూశాను. వేరే రోజు మళ్లీ నడిచి నమోదు చేసినా తేడా అంతే ఉంది.

అందుకే బొమ్మను కదపకుండా, లీఫ్‌లెట్‌లో భూమి స్థానాలకు బదులు పిక్సెళ్లతోనే కొలిచే సీఆర్ఎస్ సింపుల్‌లో ఉంచి, గీతనే బొమ్మ పిక్సెళ్లకు మార్చాలనుకుంటున్నాను. గీతను పటాల డేటాను మార్చే జీడీఏఎల్ అనే సాఫ్ట్‌వేర్‌తో ముందే మార్చుకోగలను. నడిచేవారి స్థానం చూపే చుక్క మాత్రం ఫోనులోనే, సిగ్నల్ లేనప్పుడు కూడా, ఎప్పటికప్పుడు మారాలి. ఆ బిందువులనే త్రిభుజాలుగా కలిపి, ఒక్కో త్రిభుజానికి విడిగా అఫైన్ మార్పిడి (సరళరేఖలు వంగకుండా జరిపి, తిప్పి, సాగదీసే లెక్క) చేస్తే ఆ చుక్క త్రిభుజాల సరిహద్దుల దగ్గర ఎగిరిపడకుండా గీత మీదే నిలుస్తుందా, లేక బ్రౌజరులోనూ స్ప్లైన్ లెక్కే వాడాలా?