చీమకుర్తి గ్రానైట్ షెడ్లలో దుమ్ము తగ్గించే పరికరానికి గ్రాంటు ఎలా అడగాలి?

ఫిట్టర్_చీమకుర్తి

అందరికీ నమస్తే. నేను ఐటీఐ ఫిట్టర్ చేసి చీమకుర్తి దగ్గర చిన్న వెల్డింగ్ షాపు నడుపుతున్నా. గ్రానైట్ యూనిట్లకు ట్రాలీలు, స్లాబ్ స్టాండ్లు చేసిస్తుంటా, అందుకని ఆ షెడ్లలో తిరగడం ఎక్కువ. పెద్ద కటింగ్ మిషన్ల దగ్గర, పాలిషింగ్ లైన్ దగ్గర నీళ్ళు పడుతూనే ఉంటాయి కాబట్టి అక్కడ దుమ్ము అంత లేవదు. చేతి గ్రైండర్ పట్టుకుని అంచులు సరిచేసే వాళ్ళ దగ్గరే సమస్య, వాళ్ళు పొడిగానే కోస్తారు, మూతికి తువ్వాలు చుట్టుకుంటారు, సాయంత్రానికి కనుబొమలు కూడా తెల్లగా అయిపోతాయి. మా మేనమామ ఏళ్ళ తరబడి ఇదే పని చేశాడు, ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. టీబీ మందులు వాడారు, దగ్గు మాత్రం పోలేదు.

గ్రైండర్ బ్లేడు చుట్టూ తగిలించే రేకు హుడ్ ఒకటి చేశాను, దానికి పైపు, పైపుకి వ్యాక్యూమ్. కంటికి కనిపించే దుమ్ము బాగా తగ్గింది. ఇప్పుడు దీన్ని సరిగ్గా తయారు చేసి, పరీక్ష చేయించి, షెడ్లలో పెట్టించాలంటే డబ్బు కావాలి. ఇలాంటి వాటికి గవర్నమెంటు గ్రాంట్లు ఉంటాయంటున్నారు. ఎవరిని అడగాలి, కంపెనీ రిజిస్టర్ చేయాలా, ప్రపోజల్‌లో ఏం రాయాలి? కావాలంటే ఫోటోలు, కొలతలు పెడతాను.

మెకానికల్_మాస్టారు_ఒంగోలు

తమ్ముడూ, ముందు ఒక మాట, ఫోటోలు కొలతలు ఇక్కడ పెట్టొద్దు. అందరూ చూసేచోట బయటపెట్టిన తర్వాత పేటెంటుకు వెళ్తే అదే అడ్డం పడుతుంది. ముందు ప్రొవిజనల్ అప్లికేషన్, అంటే పేటెంటుకి తాత్కాలిక దరఖాస్తు, వేసెయ్, వ్యక్తిగా ఆన్‌లైన్‌లో వేస్తే ఫీజు 1,600 రూపాయలే, పూర్తి అప్లికేషన్‌కి 12 నెలల టైముంటుంది.

ఇక గ్రాంట్లు. నువ్వు ఎవరివి అన్నదాన్ని బట్టి తలుపు మారుతుంది, ఇది తెలియకే చాలామంది కనిపించిన ప్రతి స్కీముకీ అప్లై చేసి విసిగిపోతారు. నీకు దగ్గరగా ఉన్నది నిధి ప్రయాస్, కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖది. ఐడియాని చేతితో పట్టుకునే ప్రోటోటైపుగా మార్చడానికి 10 లక్షల వరకు ఇస్తారు, కంపెనీ లేకపోయినా వ్యక్తిగా అప్లై చేయవచ్చు, కాకపోతే నేరుగా ఢిల్లీకి కాదు, ప్రయాస్ సెంటరుగా గుర్తించిన ఇంక్యుబేటర్ (కొత్త ఐడియాలకి చోటు, సాయం ఇచ్చే కేంద్రం) ద్వారా వెళ్ళాలి. ఎమ్మెస్‌ఎమ్‌ఈ (చిన్న, మధ్య తరహా పరిశ్రమల) శాఖ ఇన్నోవేటివ్ స్కీములో ఒక ఐడియాకి 15 లక్షల వరకు ఉంది, అదీ హోస్ట్ ఇన్‌స్టిట్యూట్ అనే కాలేజీ ద్వారానే, అదీ వాళ్ళు హ్యాకథాన్ (ఐడియాల పోటీ) ప్రకటించినప్పుడు మాత్రమే. పెద్ద డిగ్రీలు లేకుండా సొంత బుర్రతో చేసిన వాళ్ళ కోసం గాంధీనగర్‌లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఉంది, పేటెంటు పనిలో కూడా వాళ్ళు సాయం చేస్తారు. నీలాంటి వాడు అక్కడికి తప్పకుండా రాయాలి. తిరుపతిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ స్పోక్ (శాఖా కేంద్రం) పెట్టారు, ఒకసారి వెళ్ళి మాట్లాడు, ఏ స్కీముకి దరఖాస్తులు ఎప్పుడు తెరుస్తారో వాళ్ళకి తెలుస్తుంది.

ఇంకోటి, గ్రైండర్‌కి దుమ్ము హుడ్ అనేది ప్రపంచంలో కొత్త సంగతి కాదు, బయట దేశాల్లో షాపుల్లో అమ్ముతున్నారు. రివ్యూ చేసేవాళ్ళకి అది తెలుసు. కాబట్టి "నేను కనిపెట్టాను" అని మొదలుపెడితే మొదటి పేజీలోనే పక్కన పెట్టేస్తారు. మన షెడ్లలో వాడే కట్టర్లకి అవి ఎందుకు సరిపోవు, స్లాబ్ అంచు మీదకి వచ్చేసరికి హుడ్ సగం గాల్లో తేలిపోతే దుమ్ము ఎలా తప్పించుకుంటుంది, నీది అక్కడ ఏం చేస్తుంది, ధర ఎంత, ఇవి రాయి.

రాయి_తెలిసినోడు

నేను జియాలజీ వాడిని, క్వారీల్లో పనిచేశాను. మాస్టారు చెప్పింది కరెక్టే కానీ అంతకంటే ముందు ఒక చిక్కుంది. "చీమకుర్తి గ్రానైట్ వల్ల సిలికోసిస్" (సిలికా దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) అని ప్రపోజల్‌లో రాసేస్తావేమో, ఆగు. మన చీమకుర్తి నల్ల రాయి బ్లాక్ గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ అది గ్యాబ్రో జాతి రాయి. అసలు గ్రానైట్‌లో క్వార్ట్జ్, అంటే సిలికా ఖనిజం, 20 శాతం పైన ఉంటుంది, దీంట్లో చాలా తక్కువ. జియాలజీ తెలిసిన రివ్యూయర్ ఎవరైనా ఉంటే ఆ ఒక్క వాక్యంతోనే నీ ప్రపోజల్ మీద నమ్మకం పోతుంది. కానీ మన షెడ్లలో కోసేది గెలాక్సీ ఒక్కటే కాదుగా, బయటి నుంచి వచ్చే ఎరుపు, తెలుపు, గ్రే రాళ్ళు కూడా కోస్తారు, వాటిలో క్వార్ట్జ్ బాగానే ఉంటుంది. మీ మేనమామ ఏ రాళ్ళు కోశాడో అడుగు, అది తెలియడం ముఖ్యం. క్వార్ట్జ్ తక్కువున్న దుమ్ము మంచిదని నేను అనడం లేదు, ఏ దుమ్ము ఎంత అన్నది కొలిచి రాయమంటున్నా.

కొలవడం అంటే ఆన్‌లైన్‌లో దొరికే చిన్న సెన్సర్ కాదు. అది వెలుతురు చెదరడాన్ని బట్టి లెక్క చెబుతుంది, సిలికా ఏదో మామూలు దుమ్ము ఏదో దానికి తెలియదు, నీటి తుంపర పడినా దుమ్మే అనుకుంటుంది. సరైన పద్ధతి ఏంటంటే, పనివాడి నడుముకి చిన్న పంపు, కాలర్ దగ్గర సైక్లోన్‌తో (ముతక దుమ్ముని వేరుచేసే చిన్న పరికరం) ఫిల్టర్. షిఫ్టు మొత్తం అతను పీల్చే గాలిలోంచి సన్న దుమ్ము మాత్రమే ఫిల్టర్ మీద పడుతుంది. దాన్ని తూకం వేసి, ల్యాబులో ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తోనో ఎఫ్‌టీఐఆర్‌తోనో సిలికా ఎంతుందో తేలుస్తారు. బొగ్గు కాని గనుల్లో పరిమితి ఘనపు మీటరుకి 3 మిల్లీగ్రాములు, సిలికా 5 శాతం దాటితే 15ని ఆ శాతంతో భాగించాలి. అంటే 30 శాతం సిలికా ఉన్న దుమ్ముకి పరిమితి అర మిల్లీగ్రామే. హుడ్ పెట్టకముందు ఎంత, పెట్టాక ఎంత, అదే రాయి, అదే మనిషి, అదే పని. ఈ రెండు అంకెలు ఉంటే మిగతా ప్రపోజల్ దానంతట అదే నిలబడుతుంది.

నీ వ్యాక్యూమ్‌కి మామూలు గుడ్డ సంచి ఉంటే దాన్ని మార్చు. కంటికి కనిపించేది పట్టుకుని, ఊపిరితిత్తుల లోపలికి పోయే సన్నదాన్ని వెనక నుంచి మళ్ళీ షెడ్డులోకే వదులుతుంది. సన్న దుమ్ముని కూడా ఆపే హెపా ఫిల్టర్ ఉండాలి.

నెల్లూరు_డాక్టరమ్మ

మెడికల్ కాలేజీలో ఊపిరితిత్తుల విభాగంలో పనిచేస్తాను. మీ మేనమామ గారిని ఒకసారి ఒంగోలు గానీ నెల్లూరు గానీ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, పాత ఎక్స్‌రేలు అన్నీ పట్టుకుని, ఏ పని ఎన్నేళ్ళు చేశారో డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. సిలికోసిస్‌ని టీబీ అనుకోవడం మన దగ్గర మామూలైపోయింది, పైగా సిలికా పీల్చినవాళ్ళకి టీబీ వచ్చే అవకాశమూ ఎక్కువే, రెండూ కలిసి ఉండొచ్చు. వృత్తి ఏంటని అడగని చీటీలు చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

గ్రాంటు విషయంలో, మొదటి ప్రపోజల్‌లో పనివాళ్ళ ఎక్స్‌రేలు, రక్త పరీక్షలు పెట్టకండి. అవి పెట్టగానే అది ఆరోగ్య పరిశోధన అవుతుంది, ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క అడుగు ముందుకు వేయకూడదు. హుడ్ వల్ల ఊపిరితిత్తులు బాగుపడ్డాయని ఏడాదిలో చూపించడం కూడా కుదరదు, ఈ జబ్బు ఏళ్ళ మీద వస్తుంది. గాలిలో దుమ్ము తగ్గిందని చూపించండి, చాలు. పంపు కట్టేటప్పుడు కూడా ప్రతి మనిషికీ తెలుగులో చెప్పి సంతకం తీసుకోవాలి, ఎవరి అంకె ఎవరిదో యజమానికి తెలియకూడదు. "నా ఒంట్లో ఏదో ఉందని తేలితే పనిలోంచి తీసేస్తారు" అన్న భయం వాళ్ళకి నిజంగా ఉంది.

తర్వాతి దశలో ఆరోగ్యం వైపు వెళ్ళాలనుకుంటే ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) ఉంది, కానీ అక్కడ ప్రధాన పరిశోధకుడు ఏదైనా సంస్థలో రెగ్యులర్ ఉద్యోగి అయి ఉండాలి, మీ పేరు మీద రాదు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆక్యుపేషనల్ హెల్త్ వాళ్ళు దుమ్ము జబ్బుల మీద దశాబ్దాలుగా పని చేస్తున్నారు, సిలికోసిస్‌ని ముందే పసిగట్టే రక్త పరీక్ష కిట్ కూడా తయారు చేశారు. కొలత పద్ధతి గురించి వాళ్ళకి ఒక మెయిల్ రాయండి. మీ హుడ్ పనిచేస్తే మా సైదాపురం, గూడూరు వైపు క్వార్ట్జ్ రాయి పనివాళ్ళకి ఇంకా అవసరం, ఆ రాయంతా సిలికానే.

షెడ్డు_సూపర్‌వైజర్

అన్నా, షెడ్డు లోపల సంగతి నేను చెప్తా. మా దగ్గర అంచు పనికి రన్నింగ్ అడుగు లెక్కన కూలి. హుడ్ పెట్టాక గంటకి రెండడుగులు తగ్గినా సాయంత్రానికి కూలిలో తేడా కనిపిస్తుంది, మరుసటి రోజు అది మూలన పడి ఉంటుంది. బరువెక్కువైనా, బ్లేడు గీత మీద ఉందో లేదో కనపడకపోయినా అంతే. ఇదివరకు ఒక చోట మంచి మాస్కులే తెచ్చిచ్చారు, ఎండాకాలం ఒంగోలు వేడికి పది నిమిషాలు కూడా పెట్టుకోలేకపోయారు, తప్పు వాళ్ళది కాదు. అందుకని దుమ్ముతో పాటు గంటకి ఎన్ని అడుగులు కోశారన్నది కూడా కొలిచి రాయండి. యజమాని దగ్గర లెటర్ తీసుకోవాలన్నా ఆ అంకె చూపిస్తేనే సంతకం పెడతాడు. "నీళ్ళు పోస్తే పోయేదానికి ఇదంతా ఎందుకు" అని కూడా అడుగుతారు, కరెంటు గ్రైండర్ మీద నీళ్ళు పడితే షాక్ కొడుతుందని, అందుకే పీల్చే పద్ధతి ఎంచుకున్నానని రాయండి. మా షెడ్డులో ఇద్దరు ముగ్గురు పరీక్షకి ముందుకొస్తారు, నేను అడుగుతా.

ఫిట్టర్_చీమకుర్తి

చాలా థ్యాంక్స్ అందరికీ. డాక్టరమ్మ గారూ, మామయ్యని ఈ వారమే తీసుకెళ్తా, ఎర్రరాయి, గ్రే రాయి ఎక్కువ కోశానని చెప్పాడు. మాస్టారూ, మీ కాలేజీ ద్వారా వెళ్ళడానికి కుదురుతుందా? కొలిచే పంపు నా దగ్గర లేదు, కొనే స్తోమతూ లేదు.

మెకానికల్_మాస్టారు_ఒంగోలు

ప్రిన్సిపాల్ గారితో మాట్లాడతాను, మెంటార్ లెటర్ నేనిస్తాను. పంపు కొనక్కర్లేదు, అక్రెడిటేషన్ ఉన్న పర్యావరణ ల్యాబులు మనిషిని పంపి శాంపిల్ తీసుకుంటాయి, రెండు మూడు చోట్ల కొటేషన్ అడిగి ఆ ఖర్చునే బడ్జెట్‌లో పెడదాం. క్వారీ లోపల అయితే డీజీఎంఎస్ (గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ) పరిధి, పాలిషింగ్ షెడ్డు అయితే ఫ్యాక్టరీల శాఖ, మనం షెడ్డుతోనే మొదలుపెడదాం. ఖర్చు పెట్టిన ప్రతి రూపాయికీ బిల్లు ఉండాలి, ఆఖర్లో యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు చెప్పిన పనికే ఖర్చయిందన్న పత్రం) ఇవ్వకపోతే రెండో విడత రాదు, ఇప్పటి నుంచే ఒక ఫైలు పెట్టు. ప్రొవిజనల్ వేశాక హుడ్, గ్రైండర్ రెండూ తీసుకుని ల్యాబుకి రా, మోటారు మీద లోడ్ ఎంత పడుతుందో ముందు అది చూద్దాం.