లావు హీరోయిన్‌కి అంత అనుమానమేంటని అందరికీ విసుగు, నాకేమో అక్కడే ఏడుపొచ్చింది. తప్పు నాదా?

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం)

కేట్ స్టేమన్-లండన్ రాసిన ‘వన్ టు వాచ్’ అని ఒక ఇంగ్లిష్ రొమాన్స్ నవల, 2020లో వచ్చింది, నేను పోయిన వారమే చదివాను. ముగింపు చెప్పను, భయపడకండి. బీ అనే అమ్మాయి లావుగా ఉంటుంది, ఫ్యాషన్ బ్లాగు రాస్తుంది. టీవీలో వచ్చే ఒక డేటింగ్ షోలో లావుపాటి వాళ్లు ఒక్కరూ కనపడరేమని కడుపుమండి ఒక పోస్టు రాస్తే అది ఊరంతా పాకి, చివరికి షో ప్రొడ్యూసరే వచ్చి ఈసారి హీరోయిన్‌వి నువ్వే అంటుంది. షో పేరు నవల కోసం కల్పించిందే, కానీ అమెరికాలో 2002 నుంచి నడుస్తున్న ‘బ్యాచిలర్’ లాంటిదే అనుకోండి. ఈమె ఒక్కతి, మగవాళ్లు 25 మంది. ఈమె లెక్క ఈమెది, షోతో పేరొస్తుంది, ప్రేమా దోమా మనకొద్దు అని.

ఇంతకీ గొడవేంటంటే, నాకు పుస్తకం ఇచ్చిన ఫ్రెండుకి బీ అంటే చిరాకు. ఎవడు బాగున్నావన్నా కెమెరా కోసం అంటున్నాడు అనుకుంటుంది, పేజీలకు పేజీలు అదే, బాడీ పాజిటివిటీ (ఒళ్లు ఎలా ఉన్నా సిగ్గుపడక్కర్లేదు అనే) నవల అంటే హీరోయిన్ మొదటినుంచే ధీమాగా ఉండాలి కదా అంటుంది. నాకు విసుగు రాలేదు, ఎందుకంటే నేనూ అదే చేశాను.

దాచేదేముంది, నాకు 28 ఏళ్లు, 86 కిలోలు. పోయినేడు కడప నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి మిద్దె మీద నాతో 20 నిమిషాలు మాట్లాడాడు, బాగా మాట్లాడాడు, పక్కింటి మేక మా పిట్టగోడ ఎక్కి చూస్తుంటే దానికీ ఒక మాట చెప్పి నన్ను నవ్వించాడు. వెళ్లేటప్పుడు వాళ్ల పెద్దమ్మ గేటు దగ్గర చెప్పులేసుకుంటా మా అమ్మతో, “పాప కళగా ఉంది, రవ్వంత ఒళ్లు తగ్గితే ఇంకా బాగుంటాది, మూణ్ణెల్లు టైముంది కదా” అంది. రెండో రోజు వాళ్లే ఫోన్ చేసి ఇష్టమే అన్నారు. వద్దన్నది నేను. ఆ అబ్బాయి నాకు నచ్చలేదని కాదు, నేను వాడికి నచ్చానంటే నమ్మబుద్ధి కాలేదు. నా బ్యాంకు ఉద్యోగం చూసి సర్దుకున్నాడేమో అనుకున్నాను. అడగను కూడా అడగలేదు.

కాబట్టి చెప్పండి, హీరోయిన్‌కి ఆ అనుమానం ఉండటం రచన లోపమా? తెలుగులో ఇలాంటిది ఏమైనా ఉంటే అదీ చెప్పండి.

ఏడురోడ్ల_బాబు (కడప)

పుస్తకం చదవలేదు కాబట్టి దాని జోలికి పోను. కానీ లావు తగ్గమంటే శత్రువుల్లా చూడటం ఏంటో నాకర్థం కాదు, మా ఇంట్లో అందరికీ షుగరే, ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఆ పెద్దమ్మ మంచికే చెప్పిందేమో. ఇంక 25 మంది మగాళ్లు వరుసలో నిలబడటం అంటారా, అది కథల్లోనే.

ఎడిట్_టేబుల్ (సొంతూరు నంద్యాల, పని హైదరాబాద్‌లో)

బాబన్నా, షుగరు సంగతి డాక్టరు చెప్తాడు, గేటు దగ్గర చెప్పులేసుకుంటా చెప్పే మాట షుగరు గురించి కాదని నీకూ తెలుసు.

సప్తగిరి గారూ, ఈ నవల నేనూ చదివాను, మా పని మీద కాబట్టి ఆశగా మొదలుపెట్టాను. నేను రియాలిటీ షోలు ఎడిట్ చేస్తాను. బీ అనుమానంలో ఒళ్లు ఒక వంతు, షో ఒక వంతు. మీ ఫ్రెండు ఆ రెండో వంతు వదిలేసింది. ఇలాంటి షోల్లో వచ్చినవాళ్ల దగ్గర ఫోన్లు తీసేసుకుంటారు, బయటి మనిషితో మాట ఉండదు, ఒకే ప్రశ్న నాలుగైదు రకాలుగా అడిగి నాలుగైదు జవాబులు తీసుకుంటారు. గంట మాట్లాడితే నేను వాడేది నలభై సెకన్లు. ఆ నలభై సెకన్లు కూడా ఒక చోటివి కానక్కర్లేదు. సోమవారం అన్న సగం వాక్యానికి గురువారం అన్న సగం అతికిస్తాం, దాన్ని ఫ్రాంకెన్‌బైట్ అంటారు. పట్టుకోవడం తేలిక: మాట వినపడుతుంటుంది కానీ మాట్లాడేవాళ్ల నోరు కనపడదు, వినేవాళ్ల మొహమో, దీపమో, గ్లాసో చూపిస్తాం. ఈసారి ఏ షో చూసినా గమనించండి, తర్వాత మామూలుగా చూడలేరు, పాపం నాకు తగులుతుంది. అలాంటి చోట ఒకడు నువ్వంటే ఇష్టం అంటే నమ్మకపోవడం లోపం ఎలా అవుతుంది?

ఇంకోటి చెప్తాను, కొన్నేళ్లుగా గొంతులో ఉంది. ఒక షోలో (పేరు చెప్పను) కొంచెం బొద్దుగా ఉండే అమ్మాయి ఎంట్రీ. గంధం రంగు చీర, జడలో కనకాంబరాలు, భలే నడుస్తోంది, నేను స్లో చేసి వీణ వేశాను. పైనుంచి కబురు, వీణ తీసి అడుగు అడుగుకీ ‘డుబుక్’ అని పడే సౌండ్ వెయ్, ఫన్నీగా ఉంటుంది అని. వేశాను. జీతం కావాలి కదా. సౌండు సరిగ్గా మడమ నేలకు ఆనే ఫ్రేములో పడాలి, లేకపోతే నవ్వు రాదు, అందుకని ఆ అమ్మాయి మడమనే రాత్రి రెండింటిదాకా చూస్తూ కూర్చున్నాను. పట్టీలు కొత్తవి. షో కోసమే కొనుక్కుని ఉంటుంది.

నవలలో నాకు నచ్చింది ఆ మెషీను కూడా కనపడటం. మధ్యమధ్యలో ట్వీట్లు, చాట్లు, పాడ్‌కాస్టు మాటలు వస్తాయి కదా, అవి లేకపోతే బీ ఊరికే బెంగపడుతున్నట్టుండేది. ప్రొడ్యూసర్ల గురించి ఇంకా కొంచెం కఠినంగా రాయాల్సింది అని నా ఫిర్యాదు.

పాత_సీరియళ్ల_పిచ్చి (కర్నూలు)

తెలుగులో అడిగారు కాబట్టి. నవలల్లో నాకు చప్పున ఒక్కటీ తట్టట్లేదు. వారపత్రికల సీరియళ్లు తిని పెరిగినదాన్ని, హీరోయిన్ అంటే సన్నజాజి తీగ, నడుము పిడికెడు, బీదరాలైనా అంతే. తిండి లేక సన్నగా ఉందేమో అని ఒక్క హీరోకీ డౌట్ రాలేదు. లావుగా ఉండేది హీరో మేనత్త, లేకపోతే హాస్టల్ వార్డెన్. సినిమాల్లో 2015లో అనుష్క ఒళ్లు పెంచి మరీ చేసిన ‘సైజ్ జీరో’ ఉంది, కానీ అందులో గొడవ ఎక్కువగా బరువు తగ్గించే సెంటర్లతో. సన్నటి నటి లావై, మళ్లీ సన్నబడటమే పెద్ద వార్త కావడం నాకు అప్పట్లో కొంచెం గుచ్చుకుంది.

షోలంటారా, ఆడమనిషి వరుడిని ఎంచుకునేది మన దేశంలో 2009లోనే వచ్చింది, రాఖీ సావంత్ స్వయంవరం. నిశ్చితార్థం దాకా వెళ్లి పెళ్లి జరగలేదు. తెలుగుకు వచ్చేసరికి తిరగబడింది, 2018లో స్టార్ మాలో యాంకర్ ప్రదీప్ కోసం అమ్మాయిలు పోటీ. ఎంచుకునే కుర్చీలో లావు అమ్మాయిని కూర్చోబెట్టడం ఇక్కడ ఎవరికీ తట్టలేదు, నవలకు బలం ఆ ఒక్క కుర్చీలోనే ఉంది. మీ ఫ్రెండు అడిగే ధీమా హీరోయిన్‌ని పెడితే మొదటి చాప్టర్‌లోనే కథ అయిపోతుంది తల్లీ, ఇంక 400 పేజీలు ఏం చదువుతాం?

టేపు_సూది (కర్నూలు, రాజ్‌విహార్ దగ్గర షాపు)

నాకు ఇంగ్లిష్ నవలలు రావు పాపా, మా అమ్మాయి చదివి చెప్పింది ఈ థ్రెడ్. 22 ఏళ్లుగా బ్లౌజులు కుడుతున్నా. టేపు పెట్టి కొలత గట్టిగా చెప్తాం, పక్కన పిల్ల రాసుకోవాలి కదా, 42 అనగానే మనిషి ముడుచుకుపోతుంది, “అక్కా మెల్లగా చెప్పు” అంటారు. లావుగా ఉన్నోళ్లే కాదు, సన్నగా ఉన్నోళ్లు 28 అన్నా అట్లే అంటారు, అది వేరే బాధ. ఇప్పుడు నేను చెప్పడం మానేశా, నేనే రాసుకుంటా.

పెళ్లికూతుళ్లు వస్తారు చూడు, అందరిదీ ఒకటే మాట, పెళ్లికి తగ్గుతా అక్కా, రెండించులు బిగువుగా కుట్టు అని. నేను సరే అంటా. కుట్టేది మాత్రం టేపు చెప్పినట్టే, మళ్లీ రెండు పక్కలా లోపల ఇంచు ఇంచు గుడ్డ వదులుతా. పెళ్లిరోజు సరిగ్గా పట్టిందని మురిసిపోతారు, తగ్గినామనుకుంటారు. నేను అబద్ధం చెప్పినట్టే గానీ పీటల మీద ఊపిరాడక కూర్చునే పిల్లను చూసినాక ఇంకేం చేయాలి?

నువ్వు ఆ పిల్లోడిని వద్దన్నందుకు నేను తిట్టను. కానీ అడగకుండా వద్దన్నావు చూడు, అది మాత్రం బాలేదు. బ్లౌజు పట్టదని ఇంట్లో కూర్చుని అనుకుంటే ఎట్లా, వేసుకుని చూడాల కదా.

ఏడురోడ్ల_బాబు

టైలరక్క మాటకు నా దగ్గర జవాబు లేదు. మా చెల్లెలి పెళ్లిలో నేను కూడా తగ్గు తగ్గు అని వెంటపడ్డాను, మూడు వారాలు రాత్రిపూట మజ్జిగ తాగి పడుకుంది, తలంబ్రాలప్పుడు కళ్లు తిరిగి నా భుజం మీదే వాలిపోయింది. నిద్ర లేక అని అందరికీ చెప్పాం. ఆ నవల తెలుగులో ఉందా?

సప్తగిరి_సర్కిల్

తెలుగులో నాకు కనపడలేదు అన్నా, అనంతపురం వస్తే నా కాపీ ఇస్తాను, మార్జిన్లలో నా ఏడుపు కూడా ఉంటుంది, చూసీచూడనట్టు చదువుకోండి.

ఎడిట్ టేబుల్ గారూ, పట్టీల మాట దగ్గర ఆగిపోయాను. పెళ్లిచూపులకని నేనూ కొత్త చెప్పులు కొన్నాను, ఇంట్లోనే కూర్చోవాలి కదా, చెప్పులెందుకో!

టేపు సూది అక్కా, మీ పోస్టు చదివి లేచి వెళ్లి ఆ రోజు వేసుకున్న ధర్మవరం చీర బ్లౌజు తిరగేసి చూశాను. మీరన్నట్టే రెండు పక్కలా ఇంచు గుడ్డ ఉంది. మా అమ్మను అడిగితే, టైలర్‌కి నేనే చెప్పినానే, నీకు చెప్తే ఏడుస్తావని చెప్పలేదు అంది. ఆ అబ్బాయి నంబరు అడిగాను. తీసేయలేదంట, చెనిక్కాయల మండీ కాగితం వెనక రాసి దేవుడి గూట్లో పెట్టిందంట. ఏడాదైంది, ఈపాటికి పెళ్లయి ఉంటుంది, తెలుసు. కాగితం మాత్రం తీసుకొచ్చి పుస్తకంలో పెట్టుకున్నాను. ఫోన్ చేస్తే ముందు ఆ మేక సంగతి అడుగుతాను.