షెడ్డులో పేర్ల బోర్డు పెట్టాక నలుగురు మానేశారు, ఏం చేయాలి?

భీమవరం_షెడ్డు: మాది రొయ్యలు ఒలిచే షెడ్డు, 40 మంది ఆడవాళ్లు. రోజూ ఎవరెన్ని కిలోలు ఒలిచారో పేర్లతో బోర్డు మీద రాయిస్తున్నాను. నెలాఖరుకి మొదటి ముగ్గురికి చీరలు. పని పెరగలేదు సరికదా, నెలలో నలుగురు మానేశారు. పని మీద పట్టుదల ఎలా తేవాలి? సూపర్‌వైజర్‌కి ట్రైనింగ్ ఇప్పించాలా? సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?

మండపేట_మిల్లు: ముందు సంక్రాంతికి మనుషుల్ని నిలబెట్టే ఉపాయం చెప్పండి బాబూ. భోగికి వెళ్లిన హమాలీలు పది రోజులకి గానీ రారు. నేను బోనస్ సగం పండక్కి ముందు, సగం తిరిగొచ్చాక ఇస్తున్నాను.

నర్సాపురం_కోడలు: షెడ్డు గారూ, బోర్డు మీద కౌంట్ రాశారా? నేను ఆరేళ్లు ఒలిచాను. 30 కౌంట్ అయితే ముప్పై రొయ్యలకి కిలో, 100 కౌంట్ అయితే వంద ఒలవాలి. ఐసులో వేళ్లు మొద్దుబారిపోయి తోక దగ్గర గుల్ల చేతికి తెలియదు. చిన్న సరుకు ముందు కూర్చున్న మనిషి ఎంత కష్టపడినా పేరు అడుగునే ఉంటుంది. అందరూ చూస్తుండగా రోజూ అడుగున ఉంటే ఎవరు వస్తారండి?

హెచ్చార్_22ఏళ్లు: 22 ఏళ్ల అనుభవంతో చెబుతున్నా. పోలిక లేకపోతే పనితీరు రాదు. ప్రతి పది మందిలో అడుగున ఉన్న ఒకరిని ఏటా తప్పించాలి. జీఈ అనే అమెరికా కంపెనీలో అప్పటి అధిపతి జాక్ వెల్ష్ చేసింది అదే.

కాకినాడ_కుర్రాడు: అలా మనుషుల్ని వరసపెట్టి పోల్చే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013లోనే వదిలేసింది సార్. పక్కవాడు వెనకబడితే నాకు మంచి మార్కు అన్నప్పుడు ఎవడు ఎవడికి సాయం చేస్తాడు?

హెచ్చార్_22ఏళ్లు: మీరెంతమందిని నడిపారు తమ్ముడూ?

నర్సాపురం_కోడలు: మీరెన్ని కిలోలు ఒలిచారండి? మనిషిని తీసేయమనడం తేలికే. ఆ జీతంతో ఇల్లు గడిచేది ఆవిడకి.

పాలకొల్లు_అకౌంట్స్: మిల్లు గారూ, మీ దగ్గర 20 మంది లేదా అంతకు మించి ఉంటే జీతంలో కనీసం 8.33 శాతం బోనస్ చట్టం పరిధిలోకి వచ్చే వాళ్ల హక్కు. అది ఎర వేయడానికి కాదు. పండగ డబ్బు వేరుగా ఇవ్వండి.

మండపేట_మిల్లు: నేనేమీ ఎగ్గొట్టలేదు, మాట జాగ్రత్త.

ఆత్రేయపురం_రేకులు: నేనూ దెబ్బతిన్నానండి. విరగని పూతరేకుకే కూలి అన్నాను. వారంలో విరగడం ఆగింది, నేను పొంగిపోయాను. తీరా చూస్తే పిండి చిక్కగా కలిపి మందంగా తీస్తున్నారు. నోట్లో వేసుకోగానే కరగాల్సిన రేకు పంటికి తగిలింది, పాత కొనుగోలుదారు తిప్పి పంపాడు. తప్పు వాళ్లది కాదు, నేను దేనికి డబ్బిస్తే అదే చేశారు. ఇప్పుడు రోజు కూలి ఇస్తున్నా. పొద్దున్నే మొదటి పది రేకులూ అందరం కలిసి వెలుగుకి పట్టి చూస్తాం. ఎక్కడ చెడిందో వాళ్లే చెబుతున్నారు.

హెచ్చార్_22ఏళ్లు: ఇంటి పరిశ్రమకి, ఎగుమతి సరుకుకి పోలికేంటి?

ఆత్రేయపురం_రేకులు: కొనేవాడి నోరు ఒకటేనండి.

భీమవరం_షెడ్డు: రిజిస్టర్ తిరగేశాను. మానేసిన నలుగురిలో ముగ్గురు నెలంతా 100 కౌంట్ బల్ల దగ్గరే ఉన్నారు. బల్లలు పంచేది సూపర్‌వైజర్, నేను ఏనాడూ అడగలేదు. బోర్డు తీసేశాను. రేపట్నుంచి బల్లలు రోజుకోసారి మారతాయి. ముగ్గురి ఇళ్లకీ నేనే వెళ్తున్నాను. కోడలు గారూ, ఐసు దగ్గర చేతులకి ఏం చేసేవారో కాస్త చెప్పండి.

నర్సాపురం_కోడలు: గంటకోసారి గోరువెచ్చని నీళ్ల బకెట్టు. అడిగినా మాకు ఎవరూ పెట్టలేదు.