హంప్‌బ్యాక్ తిమింగలాలు నీటిపైకి ఎందుకు ఎగురుతాయి?

బ్రిస్బేన్ మూర్తి:
ఆస్ట్రేలియాలోని హెర్వీ బేలో పడవ ఎక్కితే, తిమింగలం మనకు స్వాగతం చెప్పడానికే ఎగిరిందని మా గైడు ప్రకటించాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఇంత ఖరీదు పెట్టి టికెట్టు కొన్నవారికి చెప్పవలసిన శాస్త్రం ఇదేనా? పెద్ద హంప్‌బ్యాక్ ఒంటిమీద వందల కిలోల బార్నకిల్ గుల్లలు, అంటే ఒంటికి అతుక్కుని పెరిగే చిన్న సముద్రజీవులు, ఉండవచ్చు. వాటిని వదిలించుకోవడానికే అది ఎగురుతుందని నా నిశ్చితాభిప్రాయం.

సాగరిక:
మూర్తి గారూ, గైడు మాట తప్పయినంత మాత్రాన మీ మాట ఒప్పయిపోదు. ఆ గుల్లలు చర్మంలోకి పాతుకొని పెరుగుతాయి కనుక ఒక దెబ్బకు రాలిపోవు. ఆస్ట్రేలియా తూర్పు తీరం వెంట వలసపోయే హంప్‌బ్యాక్‌లపై 2017లో వెలువడిన అధ్యయనం ప్రకారం, పక్క గుంపు 4 కిలోమీటర్లకు మించిన దూరంలో ఉన్నప్పుడు ఎగరడం ఎక్కువ; గుంపులు కలిసేటప్పుడో విడిపోయేటప్పుడో రెక్కలతో, తోకతో నీటిని చరచడం ఎక్కువ. అంత బరువైన శరీరం నీటిపై పడిన చప్పుడు దూరాన ఉన్నవాటికి కబురు.

బ్రిస్బేన్ మూర్తి:
ఎగిరిన చోట ఊడిన చర్మపు ముక్కలను పరిశోధకులు నీళ్ళలోంచి ఏరి జన్యుపరీక్షలకు వాడుకుంటారన్నది నిజమా, కాదా? చర్మం ఊడినప్పుడు గుల్ల ఎందుకు ఊడదు?

లెక్కల మాస్టారు:
గాలి పెరిగి సముద్రం హోరెత్తినప్పుడు అవి కూతలు తగ్గించి నీటిపై చప్పుళ్ళు పెంచుతాయి. గాలికి దురద పెరుగుతుందా?

సాగరిక:
గుల్లలు ఇంకా సరిగ్గా పట్టని పిల్లలు కూడా మళ్ళీ మళ్ళీ ఎగురుతాయి. వాటి సంగతేమిటి?

బ్రిస్బేన్ మూర్తి:
అది కండరాల సాధన. 15 మీటర్ల హంప్‌బ్యాక్ ఒక్కసారి ఎగరడానికి అయ్యే శక్తి, 60 కిలోల మనిషి మారథాన్ పరుగుకు అయ్యేదానితో సమానమని 2020లో లెక్కగట్టారు. వలసకాలంలో దాదాపు తిండి మానేసి ఒంటి కొవ్వు మీదే బతికే ప్రాణి ఊరికే అంత ఖర్చు పెడుతుందంటే నేను నమ్మను.

సాగరిక:
ఊరికే అని నేనెక్కడ అన్నాను? గుల్లలు మీకొక సాకు. జంతువుకు సరదా ఉంటుందంటే మీరు సహించలేరు, అంతే.

బ్రిస్బేన్ మూర్తి:
సహించలేను. సరదా అని ఒప్పుకుంటే రేపు స్వాగతమనీ ఒప్పుకోవాలి, ఎల్లుండి ఆ సరదా పేరుతోనే పడవలను దానిమీదికి తోలుతారు. మా పడవలో జనం ఇంకా దగ్గరికి పోనిమ్మని అరిచారు.

సాగరిక:
అది జనం తప్పు, తిమింగలం తప్పు కాదు. పడవలు 100 మీటర్ల లోపుకు పోరాదన్న నిబంధన, అది ఎందుకు ఎగిరినా వర్తిస్తుంది. పైగా హెర్వీ బేలో ఇంజను ఆపి నిలిచిన పడవ దగ్గరికి కొన్ని తిమింగలాలు వాటంతట అవే వచ్చి చుట్టూ తిరుగుతాయి. దానికేమంటారు?

బ్రిస్బేన్ మూర్తి:
పడవ అడుగుకు ఒళ్ళు రుద్దుకోవడానికి వస్తాయేమో.