ఆల్ వీల్ డ్రైవ్ బండికి ఒక్క టైరే మార్చొచ్చా?

అన్నయ్యలూ, మాది ఆమదాలవలస. మిషిగన్ వచ్చి రెండు నెలలైంది. పాత ఆల్ వీల్ డ్రైవ్ కారు, అంటే నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందేది, కొన్నాను. ఒక టైరు పక్కన చీరింది, మిగతా మూడూ సగం అరిగాయి. ఒక్కటి మారిస్తే చాలా?

తమ్ముడూ, తొందరపడకు. మాది రాజాం దగ్గర పల్లె. దమ్ము చేసే ట్రాక్టరు గుర్తుంది కదా? ఒక వెనక చక్రం బురదలో దిగబడితే అదే గిర్రున తిరుగుతుంది, గట్టి నేల మీదున్నది కదలదు. రెండు చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్ అనే గేర్ల పెట్టె రెండింటికీ సమానంగా బలం పంచుతుంది. పట్టు లేనిదానికి ఎంత అందితే రెండోదానికీ అంతే. అప్పుడు డ్రైవర్ డిఫ్ లాక్ పెడల్ తొక్కుతాడు, రెండూ కలిసి తిరిగి ట్రాక్టరు గట్టెక్కుతుంది. తారు రోడ్డు మలుపులో మాత్రం ఆ లాక్ ఉంచడు. బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి, లాక్ ఉంటే బండి మలుపు తిరగనని మొండికేస్తుంది.

నీ కారులో ఆ పెడల్ పని కంప్యూటర్ చేస్తుంది. చాలా బండ్లలో ముందు చక్రాలు జారితే ముందు, వెనక ఇరుసుల మధ్యలోని క్లచ్ ప్లేట్లు బిగుసుకుని వెనక్కి బలం పంపుతాయి. ఒక పక్క చక్రమే జారితే దానికి బ్రేకు వేసి రెండో పక్కకి మళ్లిస్తుంది.

ఇప్పుడు లెక్క చూడు. కొత్త టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు, నీ పాతవి 5 అనుకో. చుట్టుకొలతలో దాదాపు 19 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. అరిగిన టైరు కిలోమీటరుకి నాలుగు చుట్లు ఎక్కువ తిరుగుతుంది. తిన్నటి రోడ్డు మీద కూడా బండి ఎప్పుడూ మలుపులో ఉన్నట్టే. ప్లేట్లు రాసుకుని వేడెక్కుతాయి.

నాకు ఒక షాపులో ఒకటి చాలన్నారు, నమ్మాను. కొన్నాళ్లకి పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే కింద గుర్రుమని చప్పుడు, ఎవరో వెనక పట్టుకుని లాగుతున్నట్టు. ఆ క్లచ్ మార్పించిన డబ్బుతో నాలుగేసి టైర్లు రెండుసార్లు వచ్చేవి. ఆ నెల ఇంటికి డబ్బు పంపలేకపోయాను, అదే ఎక్కువ బాధ.

ముందు మాన్యువల్ చూడు. సుబారు వాళ్లు చుట్టుకొలతల తేడా పావు అంగుళం దాటకూడదంటారు. నాలుగూ మార్చడం మంచిది. డబ్బు ఇబ్బందైతే, అదే కంపెనీ, అదే మోడల్ కొత్త టైరుని పాతవాటి లోతుకి చెక్కి ఇచ్చే షాపులున్నాయి, అడుగు.

బాబూ, అక్కగా ఒక మాట. మంచులో కారు చక్కగా కదిలింది కదా అని వేగం పెంచకు. ఆపేటప్పుడు ఆల్ వీల్ డ్రైవ్ సాయపడదు, టైరు పట్టే ఆధారం. ఎలాగూ నాలుగూ కొంటే చలికాలానికి వింటర్ టైర్లే వేయించు.