కాలవలో పట్టిన కొరమేను పిల్లని గోల్డ్‌ఫిష్‌లతో కలిపి ఉంచొచ్చా?

కోనసీమ కుర్రాడు:
మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. కాలవ కట్టేశాక గుంటల్లో మిగిలిన చేపల కోసం పిల్లలంతా దిగుతారు కదా, మా తమ్ముడు అలా దిగి జానెడు కొరమేను పిల్లని తెచ్చి నాకు చెప్పకుండా నా మూడడుగుల ట్యాంకులో వదిలేశాడు. అందులో రెండు గోల్డ్‌ఫిష్‌లు, ఆరు మోలీలు (చిన్న రంగు చేపలు) ఉన్నాయి. రెండ్రోజులు మూలన మొక్క కింద నక్కి ఏమీ తినలేదు, బెంగ పెట్టుకుందేమో అనుకున్నాం. మూడో రోజు పొద్దున చూస్తే మోలీలు నాలుగే! గుళికల మేత వేస్తే తిరిగి కూడా చూడట్లేదు. పైగా మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగుతోంది, ఎయిర్ పంపు చాలట్లేదా? అమ్మేమో పులుసు పెట్టేస్తానంటోంది, తమ్ముడు ఏడుపు. కలిపి ఉంచే దారి ఏమైనా ఉందా?

గాజుతొట్టి:
బెంగా పాడా, కాపు కాసింది అది. నోట్లో పట్టేదేదైనా దానికి మేతే, మసక చీకటి పడ్డాక మరీను. ఇవాళ గోల్డ్‌ఫిష్ నోట్లో పట్టకపోవచ్చు గానీ ఇది పెరిగితే మూరెడు దాటుతుంది, అప్పుడు మీ ట్యాంకు దానికే చాలదు. గాలి మింగడం జబ్బు కాదు. మొప్పల పైన గాలి పీల్చుకునే అరలుంటాయి, పైకి రానివ్వకపోతే చేపైనా సరే ఊపిరాడక చస్తుంది. అందుకని నీళ్లకీ మూతకీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ వదిలి, మూత మీద బరువు పెట్టండి. నాది ఓ రాత్రి మూత తోసుకుని దూకేసింది. తెల్లారి బీరువా కింద దొరికింది, ఒళ్లంతా దుమ్ము, అయినా బతికే ఉంది!

చెరువు రైతు, భీమవరం:
తిండి గొడవ సరే, నన్నడిగితే అసలు భయం వేరే. కాలవ చేప ఒంటి మీద పేను (మేం ఆర్గులస్ అంటాం), దారప్పోగులా వేలాడే లెర్నియా పురుగు రావచ్చు. మీ గోల్డ్‌ఫిష్‌లు రాళ్లకి ఒళ్లు రుద్దుకుంటున్నాయా చూడండి. చలికాలంలో వచ్చే ఎర్రపుండ్ల జబ్బు కూడా కొరమేనుకి బాగా తగులుతుంది, మన దేశంలో 1988లో మొదలైంది, ఆ రోజులు చూసినవాళ్లకి ఇప్పటికీ టెన్షనే. ఏ చేప తెచ్చినా ముందు మూడు వారాలు వేరే టబ్బులో ఉంచాలి. ఆ టబ్బు వల మళ్లీ ట్యాంకులో ముంచకూడదు, అందరూ తప్పు చేసేది అక్కడే.

కోనసీమ కుర్రాడు:
అయితే తిరిగి కాలవలో వదిలేయనా? ఇంకో మాటండోయ్, మా బావ మనాలీ వెళ్లొచ్చి, కొరమేను ఎందుకురా, అక్కడి ట్రౌట్ చేప పెంచుదాం అంటున్నాడు.

గాజుతొట్టి:
బావగారిని ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ట్యాంకులో వేలు పెట్టి చూడమనండి. ట్రౌట్‌కి 10 నుంచి 15 డిగ్రీల చల్లదనం, పారే నీరు, బోలెడు ఆక్సిజన్ కావాలి. 20 దాటితేనే దానికి ఇబ్బంది, మన ట్యాంకులో వేసవిలో 30 మామూలే. హిమాచల్‌లో కులు దగ్గర పట్లీకుహల్‌లో ట్రౌట్ పెంచుతున్నారంటే అక్కడ మంచు కరిగిన నీళ్లు వస్తాయి. నీళ్లు చల్లబరిచే చిల్లర్ మిషను కొని పెంచినా అదీ మోలీలని మింగే రకమే.

చెరువు రైతు, భీమవరం:
కాలవలో వద్దు. కొట్లో కొన్న చేపలతో కలిసి ఉంది, వాటి జబ్బేదైనా అంటుకుంటే కాలవ మొత్తానికి పాకుతుంది. అద్దాలకి పాచి నాకుతుందని కొన్న సక్కర్ చేపని ఎవరో పెద్దదైందని వదిలేసి ఉంటారు, ఇప్పుడు మా చెరువుల్లో దెయ్యం చేపై కూర్చుంది, వల నిండా అదే. కొరమేనుకి సిమెంటు తొట్టి, పైన వల, కాస్త నాచు చాలు. ముందు వానపాములు, పచ్చి రొయ్య ముక్కలు వేసి, అలవాటయ్యాక వాటిలో గుళికలు కలపండి. పిల్ల కాబట్టి నేర్చుకుంటుంది.

కోనసీమ కుర్రాడు:
పెరట్లో తొట్టిలోకి మార్చేశానండి. సాయంత్రం రొయ్య ముక్క వేస్తే నీళ్లు చిందేలా లాక్కుపోయింది, తమ్ముడు ఇంక తొట్టి దగ్గర్నుంచి కదలట్లేదు. మోలీలు నాలుగూ ఉన్నాయి. ఒక గోల్డ్‌ఫిష్ మాత్రం రాయికి రుద్దుకుంటున్నట్టు అనిపిస్తోంది, పొద్దున ఫోటో పెడతాను, పేనేనేమో చూసి చెప్పండి.