ఐదు లక్షల్లో పాత సెడాన్: నమ్మకం చూడాలా, నడిపే సరదా చూడాలా?

మధిర రోడ్డు:
అందరికీ నమస్తే. నాకు హనుమకొండలో ఉద్యోగం, అమ్మానాన్న మధిర పక్కన ఊళ్లో ఉంటారు. నెలకి రెండుసార్లు వెళ్లొస్తాను, మిగతా రోజుల్లో ఆఫీసుకి పోను రాను పన్నెండు కిలోమీటర్లు, అన్నీ కలిపితే నెలకి 900 చుట్టూ తేలుతుంది. చేతిలో ఐదు లక్షలున్నాయి, లోన్ జోలికి వెళ్లను. నాన్నకి మోకాళ్ల నొప్పులు, వెనక సీట్లో కాళ్లు చాపుకోవాలి, అందుకే సెడాన్. అయితే నాకు డ్రైవింగ్ అంటే ప్రాణం. ఖమ్మం దాకా తెల్లారుజామున ఖాళీ రోడ్డు మీద వెళ్లే ఆ రెండు గంటలే నెలలో నాకంటూ ఉండే టైమ్, ఆ టైమ్‌లో చేతిలో చచ్చుబండి ఉండకూడదు. ఇప్పటికి చూసినవి: 2015 హోండా సిటీ పెట్రోల్, 2016 సియాజ్ పెట్రోల్, 2015 వెంటో 1.5 డీజిల్, 2014 ఎతియోస్ పెట్రోల్. బావ ఎతియోస్ అంటాడు, ఫ్రెండ్ వెంటో అంటాడు. వారం నుంచి ఇంట్లో ఇదే గొడవ. నడిపి చూసినవాళ్లు చెప్పండి.

జర్మన్ స్టీరింగ్:
వెంటో తీసుకో బ్రదర్, రెండో ఆలోచన వద్దు. నా దగ్గర అదే 2015 డీజిల్ మాన్యువల్ ఉంది, లక్షా పదివేలు తిరిగింది. 105 పీఎస్ పవర్, 250 ఎన్ఎమ్ టార్క్, అంటే లాగే బలం. మూడో గేరులో లారీని దాటేటప్పుడు వెనకనుంచి ఎవరో అరచెయ్యి పెట్టి తోసినట్టుంటుంది. వందలో వెళ్తున్నా రోడ్డుకి అతుక్కుని ఉంటుంది, స్టీరింగ్‌లో బరువు తెలుస్తుంది. సియాజ్, ఎతియోస్ నడిపితే నిద్రొస్తుంది. ఖర్చు ఎక్కువ అని భయపెడతారు, నిజమే, పార్ట్ కాస్త ఎక్కువ పడుతుంది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు అడుగు, బిల్లు లేకపోతే వెంటనే మార్పించెయ్, అది తెగితే ఇంజన్‌కే ఎసరు. అది చూసుకుంటే చాలు. నువ్వే అన్నావు కదా, నెలలో నీకుండేది ఆ రెండు గంటలే అని.

క్యాబ్ నడిపిన చెయ్యి:
నేను హైదరాబాద్‌లో ఎతియోస్ డీజిల్ క్యాబ్ ఏడేళ్లు తోలాను. నాలుగు లక్షల కిలోమీటర్లు దాటింది, ఇంజన్ ఒక్కసారి కూడా విప్పలేదు. లోపల అందం ఉండదు, మీటరు మధ్యలో ఉంటుంది కాబట్టి మొదట్లో కళ్లు పక్కకి తిప్పడం అలవాటవ్వాలి, అంతే. డిక్కీ 595 లీటర్లు, ఊరి నుంచి రెండు బియ్యం బస్తాలు, మామిడికాయల బుట్ట, అమ్మ కట్టిన మూటలు అన్నీ పడతాయి. వెనక నేల చదునుగా ఉంటుంది, నాన్నగారికి కాళ్లు పెట్టుకోవడం తేలిక. ఒకటే జాగ్రత్త తమ్ముడూ. ఎల్లో బోర్డు మీద తిరిగి తిరిగి, వైట్ బోర్డుకి మారి అమ్మకానికొచ్చిన బళ్లు ఎతియోస్‌లో చాలా ఉంటాయి. ఆర్సీ పాత వివరాలన్నీ తియ్యకుండా టోకెన్ ఇవ్వకు.

కిలోమీటర్ల లెక్క:
డీజిల్ మాట వచ్చింది కాబట్టి లెక్క చెబుతా. లీటరు పెట్రోలు 107, డీజిల్ 96 అనుకుందాం. నెలకి 900 కి.మీ. పెట్రోల్ కారు 15 ఇస్తే 60 లీటర్లు, 6,420 రూపాయలు. డీజిల్ 20 ఇస్తే 45 లీటర్లు, 4,320. తేడా నెలకి 2,100, ఏడాదికి పాతిక వేలు. తక్కువేం కాదు, ఒప్పుకుంటాను. కానీ పదేళ్ల డీజిల్‌లో ఇంజెక్టరో టర్బోనో మొరాయిస్తే ఆ పాతిక వేలు ఒక్క బిల్లుతో పోతాయి. నెలకి రెండు వేల కిలోమీటర్లు తిరిగేవాడికైతే నేనే డీజిల్ కొనమంటాను. 900కి ఆ రిస్కు దండగ.

షెడ్డు మనిషి:
నల్గొండలో ఇరవై రెండేళ్లుగా షెడ్డు నడుపుతున్నాను, ఈ నాలుగు బళ్లూ నా లిఫ్టు ఎక్కినవే. ఇందాకటి నుంచి అందరూ మోడళ్ల గురించే మాట్లాడుతున్నారు. పదేళ్ల కారు విషయంలో మోడల్ సగం మాటే. షోరూమ్ నుంచి వచ్చినప్పుడు వెంటో వెంటోనే, సియాజ్ సియాజే. పదేళ్ల తర్వాత అది ఎలా నడుస్తుందో చెప్పేది దాని కింద ఉన్న రబ్బరు. లోయర్ ఆర్మ్ బుష్‌లు, స్ట్రట్ మౌంట్‌లు, ఇంజన్ మౌంట్‌లు, ఇవన్నీ చక్రాల్నీ ఇంజన్నీ బాడీకి కలిపేచోట ఉండే రబ్బరే. మన ఎండకి ఎండి, పగుళ్లిచ్చి, పిండి అయిపోతాయి. బండి ఆగదు, స్టార్ట్ అవుతుంది, ఊరు చేరుస్తుంది, అందుకే ఎవడూ మార్చడు. స్టీరింగ్ తిప్పాక ముక్కు తిరగడానికి అరక్షణం ఆలస్యం, స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు టక్కుమనే చప్పుడు, న్యూట్రల్‌లో సీటు కింద సన్నటి వణుకు. ఓనరు వీటికి అలవాటు పడిపోయి ఉంటాడు, నువ్వు ట్రయల్ వేసి "ఇది ఇంతేనేమో, పాత బండి కదా" అనుకుంటావు.

పోయిన నెల ఒక టీచరమ్మ తన సిటీ తెచ్చారు. 82 వేలు తిరిగింది. అమ్మేద్దామనుకుంటున్నా, రోడ్డు మీద నిలవట్లేదు అన్నారు. కింద చూస్తే రెండు వైపులా లోయర్ ఆర్మ్ బుష్‌లు చిరిగి ఇనుము ఇనుముని తాకుతోంది. అవి మార్చి, నాలుగు షాక్ అబ్జార్బర్లు, ఇంజన్ మౌంట్‌లు వేసి, అలైన్‌మెంట్ చేసి ఇచ్చాను. నా దగ్గర మొత్తం 38 వేలయింది. ఆవిడ నార్కట్‌పల్లి దాకా వెళ్లొచ్చి, తాళం చేతిలో పెట్టుకుని కాసేపు బండి చుట్టూ తిరిగారు. అమ్మలేదు.

అందుకే తమ్ముడూ, ఐదు లక్షలూ బండికే పెట్టకు. నాలుగున్నర దాటని బండి చూసుకో, మిగతా యాభై అరవై వేలు రబ్బర్లకి, టైర్లకి, ఆయిళ్లకి అట్టిపెట్టు. సరదా కావాలన్నావు కదా, అది దొరికేది ఆ డబ్బుతోనే. ఇక పేరే చెప్పమంటే మాన్యువల్ పెట్రోల్, సిటీ గానీ సియాజ్ గానీ. రెండిటికీ ఉన్నది టైమింగ్ చైన్ కాబట్టి బెల్టు గోల లేదు, మన జిల్లాల్లో ఏ షెడ్డువాడికైనా చెయ్యి తిరిగిన ఇంజన్లు.

జర్మన్ స్టీరింగ్:
అన్నా, మీ అనుభవం మీద గౌరవం ఉంది, కానీ ఈ మాట ఒప్పుకోను. బుష్‌లు మారిస్తే సియాజ్ వెంటో అవుతుందా? గేరు వేసినప్పుడు చేతికి తెలిసే ఆ బిగి, తలుపు మూస్తే వచ్చే ఆ బరువైన చప్పుడు ఏ మౌంటు వేస్తే వస్తాయి? రబ్బరు వెంటోకి కూడా మార్చుకోవచ్చు కదా. అప్పుడు ఏది గెలుస్తుంది?

షెడ్డు మనిషి:
మంచి ప్రశ్న అడిగావు. సియాజ్ వెంటో అవ్వదు, నిజం. రెండిటికీ సమానంగా ఖర్చు పెడితే హైవే మీద నీ బండే ముందుంటుంది, అది కూడా నిజం. కానీ అతని దగ్గర ఉన్నది ఐదు లక్షలు, అంతే. వెంటోకి బెల్టు సెట్టు, క్లచ్, సస్పెన్షన్ అన్నీ ఒకే ఏడాది వస్తే రిజర్వు చాలదు, అప్పుడు మళ్లీ సగం సగం రిపేర్లు చేయించుకుని ఆ బిగి లేని వెంటోనే నడుపుతాడు. అలాంటివి నా షెడ్డుకి చాలా వస్తాయి, చూస్తే బాధేస్తుంది. ఇంకో మాట. సరదా అంటే టార్క్ ఒక్కటే కాదు. సిటీ 1.5 పెట్రోల్ 119 పీఎస్ ఇచ్చేది 6,600 ఆర్‌పీఎమ్ దగ్గర. రెండో గేరులో పైదాకా లాగి చూడు, నాలుగు వేలు దాటాక ఆ ఇంజన్ గొంతే మారిపోతుంది. సియాజ్ 1.4కి అంత ఊపు లేదు, 92 పీఎస్సే, కానీ బండి తేలిక కాబట్టి చేతికి మాట వింటుంది.

ఇద్దరు పిల్లల నాన్న:
సిటీ వైపు వెళ్తే ఒకటి గుర్తుపెట్టుకోండి. 2014లో వచ్చిన ఈ మోడల్‌కి 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో పెద్దలకీ పిల్లలకీ ఐదింటికి నాలుగేసి స్టార్లు వచ్చాయి. అంతకుముందు సిటీల్లో కొన్నిటికి టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్ (బ్యాగుని ఉబ్బించే భాగం) రీకాల్ ఉంది, బడ్జెట్ తగ్గించుకుని పాతది చూసేవాళ్లు ఛాసిస్ నంబరుతో కంపెనీ సైట్‌లో చూసుకోవాలి. పార్ట్ మార్చాల్సి ఉంటే ఉచితంగానే మారుస్తారు. పిల్లల్ని ముందు సీట్లో కూర్చోబెట్టే ఇళ్లు మనవి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఈ వయసు పెట్రోల్ కారు ఏది కొన్నా ఫ్యూయల్ పైపులు కూడా చూపించండి. ఇప్పుడు బంకుల్లో పోసే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి తగ్గట్టు చాలా కంపెనీలు కార్లు చేయడం మొదలుపెట్టింది 2023 చుట్టూనే, వీటి రబ్బరు పైపులు అంతకుముందువి. మీ మోడల్‌కి సరిపోతుందో లేదో కంపెనీని అడగండి.

ఎన్‌హెచ్ 65:
ఎవరూ ఢిల్లీ బళ్ల సంగతి ఎత్తలేదేం? పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు అక్కడ తిరగకూడదన్న ఆంక్షల వల్ల చవగ్గా వచ్చేవి. అదే వెంటో ఇక్కడికంటే లక్ష తక్కువకి చూశాను.

కిలోమీటర్ల లెక్క:
ఆ లక్షలో లైఫ్ ట్యాక్స్ ఎంత పోతుందో కనుక్కున్నావా? వేరే రాష్ట్రం బండి ఇక్కడే ఉండిపోతే ఎన్ఓసీ తెచ్చి, మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించి, దాని ధరా వయసూ బట్టి ట్యాక్స్ కట్టాలి. ఆఫీసు చుట్టూ తిరిగే సెలవులు వేరు. పైగా అక్కడి ఓనరుతో నువ్వు మాట్లాడలేవు, సర్వీసు చేసిన షెడ్డు చూడలేవు, అంతా బ్రోకర్ నోటిమాట.

సింగ్‌నగర్:
విజయవాడ నుంచి రాస్తున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా వీధిలో కార్లన్నీ మునిగాయి, మాది అద్దాల దాకా మునిగింది. ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ అని రాసి తీసుకెళ్లిపోయారు. ఆ తర్వాత ఆర్నెల్లకి నేనూ పాత సెడాన్ కోసం వేరే ఊరు వెళ్లాను. తెల్ల కారు, ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం, లోపల కొత్త సీట్ కవర్లు, మంచి సువాసన. ఎందుకో మనసొప్పక డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని మెల్లగా చివరిదాకా లాగాను. మొదట మూరెడు ఉతికినట్టు తెల్లగా ఉంది. చివర, మామూలుగా ఎవరూ లాగని జానెడులో, అడ్డంగా ఎండిన బురద గీత. వేలితో రుద్దితే సన్నటి పొడిలా రాలింది. మా ఇంట్లో బీరువా అడుగున ఇప్పటికీ ఉంది ఆ రంగు. అమ్మేవాడి మొహం చూడకుండా బయటికొచ్చేశాను. మోడల్ ఏదైనా తీసుకోండి, బెల్టులన్నీ చివరిదాకా లాగండి, డిక్కీలో స్టెప్నీ తీసి దాని గుంతలో తుప్పు చూడండి, కార్పెట్ మూల పైకెత్తి వాసన చూడండి. దయచేసి చూడండి.

మధిర రోడ్డు:
అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. ఆదివారం రెండు బళ్లు చూశాను. ఖమ్మంలో సిటీకి పొద్దున ఏడింటికే వస్తానని, నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పాను. వెళ్లేసరికి బోనెట్ వేడిగా ఉంది. ఇప్పుడే కడిగించుకొచ్చాం అన్నారు. ఉండొచ్చు, కానీ చల్లటి ఇంజన్ స్టార్టింగ్ వినడానికే అంత పొద్దున్నే వెళ్లాను, అందుకే ట్రయల్ కూడా వెయ్యకుండా వచ్చేశాను.

రెండోది ఇక్కడ హనుమకొండలోనే, 2016 సియాజ్ పెట్రోల్, రిటైరైన లెక్చరర్ గారిది, ఒక్కరే ఓనరు. మీటరు 58 వేలు చూపిస్తోంది, సర్వీసు బిల్లులన్నీ ఫైలులో వరుసగా పెట్టి ఉన్నాయి, కిలోమీటర్లు సరిపోయాయి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేశాను, చప్పుడు లేదు, పొగ లేదు, ఆయిల్ క్యాప్ తీసి చూస్తే లోపల తెల్ల మురికి లేదు. బెల్టులు ఐదూ లాగాను, ఆయన వింతగా చూశారు, సింగ్‌నగర్ గారి సంగతి చెబితే ఆయనే వచ్చి స్టెప్నీ తీయించారు. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆ టక్కుమనే చప్పుడు మాత్రం ఉంది, షెడ్డు అన్న చెప్పినట్టే. దాన్ని చూపించి 4.75 నుంచి 4.40కి ఒప్పించాను. పాత లోన్ తీరిపోయింది కానీ ఆర్సీ మీద బ్యాంకు పేరు ఇంకా ఉంది. ఆ పేరు తీయించే ఫారం 35, బ్యాంకు ఎన్ఓసీ తెచ్చాకే మిగతా డబ్బు ఇస్తానన్నాను, సరే అన్నారు.

టైర్ల మీద 2316 అని ఉంది. 2016లో 23వ వారం. నాలుగూ బండితో వచ్చినవే. పైన టైరు గీత మాత్రం అరగకుండా బాగానే ఉంది.

జర్మన్ స్టీరింగ్:
శుభం బ్రదర్. నేనైతే ఇప్పటికీ వెంటోనే కొనేవాణ్ని. బుష్‌లు మార్చాక ఒక ఆదివారం హనుమకొండ వస్తాను, రెండూ మార్చి మార్చి నడిపి చూద్దాం. అన్న చెప్పింది నిజమో కాదో అప్పుడు ఇక్కడే రాస్తాను.

షెడ్డు మనిషి:
గీత చూసి మోసపోకు తమ్ముడూ. తొమ్మిదేళ్లు దాటిన టైరు పైకి బాగానే ఉంటుంది, లోపల రబ్బరు గట్టిపడి వానలో పట్టు ఇవ్వదు, ఎండలో హైవే మీద పేలుతుంది. బుష్‌ల పని వారం ఆగినా ఫర్వాలేదు. టైర్లు మార్చకుండా నాన్నగారిని ఎక్కించుకుని మధిర రోడ్డెక్కకు.